విత్తనాల కిట్ కొన్నాను: సీసాలకి మంచి మార్కులు, పుస్తకానికి సున్నా

ఇంట్లో కట్టుకున్న విత్తనాలు ఆరబెట్టి దాచుకోవడానికి అమ్మే కిట్ ఇది. ముందే మార్కులు చెప్పేస్తాను: అయిదుకి మూడు. ఆ మూడింటిలో రెండు సీసాల మూతలకి, ఒకటి తేమ మీటర్‌కి. మిగతా రెండూ కిట్‌తో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం వల్ల పోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో వస్తున్నాయి, లోపలి సరుకు దాదాపు ఒకటే. డబ్బాలో ఏమున్నాయో, వాటిని ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలో తెలిస్తే, మీ చేతికి ఏ పేరుతో వచ్చినా సంగతి తేల్చుకోవచ్చు.

నేను చాలాకాలం కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకున్నాను. సిలికా జెల్ అంటే తేమ పీల్చే గుళికలు. నాకు అవి డెసికేటర్ (ల్యాబ్‌లో వస్తువుల్ని పొడిగా ఉంచే మూత పాత్ర) అడుగున పోసే మామూలు సామాను. అందుకని ఈ రివ్యూలో ఆ భాగం కాస్త ఎక్కువైతే ఓర్చుకోండి. పెరట్లో కూరగాయల విత్తనాలు కట్టుకోవడం ఉద్యోగం అయిపోయాక పట్టిన పిచ్చి.

డబ్బాలో ఉన్నవి ఇవీ: రబ్బరు వాషర్‌తో గట్టి మూతలున్న 12 చిన్న గాజు సీసాలు, 10 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు 6, అరచేతిలో పట్టే డిజిటల్ తేమ మీటర్, 3 జల్లెడలు, పూలకి తొడిగే నెట్ సంచులు, కాగితం కవర్లు, లేబుళ్లు, ఒక పెన్ను, మొలక పరీక్షకి ప్లాస్టిక్ ట్రే, పైన చెప్పిన పుస్తకం.

డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ‘20 ఏళ్ల వరకు మొలక గ్యారంటీ’ అని ఉంది. ఏ గింజకి? అది మాత్రం ఎక్కడా లేదు. ఉల్లి గింజని మామూలుగా గదిలో పెడితే ఏడాది, మహా అయితే రెండేళ్లు. బెండ రెండేళ్లు బాగానే మొలుస్తుంది, తర్వాత దిగిపోతుంది. టమాటా, వంగ నాలుగేళ్లు నిలుస్తాయి, దోస ఇంకాస్త ఎక్కువ. సీసా ఎంత మంచిదైనా ఉల్లిని టమాటా చెయ్యలేదు. బాగా ఆరబెట్టి చల్లటి చోట పెడితే వీటన్నిటి ఆయుష్షూ పెరిగే మాట నిజమే. అయితే అది పెరిగేది గింజలో ఎంత నీరు మిగిలింది, సీసాని ఎంత చల్లటి చోట పెట్టాం అన్న రెండు విషయాల మీద. సీసా చేసేదల్లా బయటి తేమని లోపలికి రానివ్వకపోవడం.

విత్తనాల వాళ్లు హారింగ్టన్ సూత్రం అంటుంటారు. గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు. దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్లీ రెట్టింపు. ఇది ఉజ్జాయింపు లెక్క, తేమ 5 నుంచి 14 శాతం మధ్యలో ఉన్నప్పుడే వర్తిస్తుంది. అయినా ఎంత పెద్ద తేడా చూడండి: 12 శాతం తేమ ఉన్న గింజని 8 శాతానికి దించితే ఆయుష్షు 16 రెట్లు. 2008లో తెరిచిన, నార్వే మంచు దీవుల్లో ప్రపంచ దేశాల విత్తనాలు దాచే స్వాల్‌బార్డ్ విత్తన ఖజానా -18 డిగ్రీల్లో నడుస్తుంది, కానీ అక్కడికి వెళ్లే గింజలు కూడా ముందే ఆరబెట్టి, సీలు వేసి పంపినవే. చలి ఒక్కటే సరిపోయేట్టయితే ఆరబెట్టే శ్రమ ఎవరూ పడరు. ఈ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు: ‘గింజలు పొడిగా ఉండేలా చూసుకోండి.’ పొడి అంటే ఎంత పొడి?

పాత గింజ ఎన్నాళ్లకి మొలుస్తుందో చూద్దామని 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని మిషిగన్‌లో రకరకాల గింజల్ని సీసాల్లో వేసి నేలలో పాతిపెట్టాడు. 2021లో తవ్వి తీసిన సీసాలో గింజలు కూడా కొన్ని మొలిచాయి. ఇలాంటి కథలు విని ‘20 ఏళ్లు ఎంత!’ అనుకుంటాం. కాకపోతే ఆ మొలిచినవి కలుపు మొక్కలు. కలుపుకి ఉన్న ఓపిక ఉల్లికి లేదు.

ఇక సీసాలు. ఇవి నిజంగా బాగున్నాయి. సీసా మూత గట్టిదో కాదో చూడ్డానికి చాలామంది నీళ్లు పోసి తలకిందులు చేస్తారు. నీళ్లు కారకపోతే నీళ్లు కారడం లేదని మాత్రమే తెలుస్తుంది, గాలిలో తేమ దూరడం వేరే సంగతి. నేను చేసేది ఇంకొకటి. నారింజ రంగులో ఉన్న పొడి జెల్‌ని ఖాళీ సీసాలో చెంచాడు వేసి, మూత బిగించి, స్నానాల గదిలో ఒక మూల పెట్టి మర్చిపోతాను. కొన్ని వారాల తర్వాత కూడా నారింజగానే ఉంటే మూత మంచిది. ఆకుపచ్చకి తిరిగితే లోపలికి తేమ దూరినట్టే, ఆ సీసా పప్పులకి పనికొస్తుంది, విత్తనాలకి కాదు. ఈ కిట్ సీసాలన్నీ ఈ పరీక్షలో నిలబడ్డాయి. పక్కనే పెట్టిన మామూలు ప్లాస్టిక్ డబ్బాలో జెల్ చాలా ముందే రంగు మారిపోయింది. వాషర్ మెత్తగా, మందంగా ఉంది. మూత తిప్పేటప్పుడు చివర్లో కొంచెం బిగువు చేతికి తెలుస్తుంది.

ఒక చిన్న లోపం ఉంది. మూతి ఇరుకు. చిక్కుడు, గుమ్మడి గింజలు పోయడం బానే ఉంటుంది, తియ్యాలంటే మాత్రం సీసాని ఊపి ఊపి రాల్చుకోవాలి. తేమ మీటర్ ఈ సీసాల్లో పట్టదు కూడా. డబ్బా తయారు చేసినవాళ్లు రెండు వస్తువుల్నీ ఒక బల్ల మీద పెట్టి చూసుకోలేదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఎందుకంటే మీటర్ ఉండాల్సిన చోటు గింజల పక్కనే.

పుస్తకం మీటర్‌ని గోడకి తగిలించమంటుంది. గోడకి తగిలిస్తే గదిలో ఎంత తేమ ఉందో తెలుస్తుంది. మనకి కావాల్సింది గింజలో ఎంత ఉందో. దానికి మార్గం తేలికే: గింజల్ని గట్టి మూత డబ్బాలో సగానికి పైగా నింపి, మీటర్‌ని వాటి మీద పెట్టి, మూత వేసి ఒక రోజు వదిలేయాలి. ఈలోగా గింజలూ, డబ్బాలో గాలీ ఒక సర్దుబాటుకి వస్తాయి. అప్పుడు మీటర్ చూపించే అంకె గింజ సంగతే చెబుతుంది. అయితే ఇది గాలిలో తేమ శాతం, పైన చెప్పిన గింజలో తేమ శాతం వేరు, రెండూ కలపకండి. 65 శాతం దాటితే బూజు పెరిగే అవకాశం ఉంది. 35 శాతం కిందకి వస్తే నిలవ పురుగులు కూడా పెరగలేవు. నేను 30, 35 మధ్యకి వచ్చేదాకా ఆరబెడతాను. గింజని పంటితో కొరికి చూడటం, వంచితే విరుగుతుందా వంగుతుందా చూడటం లాంటివి పెద్దవాళ్ల నుంచి వచ్చిన మంచి పరీక్షలే, చిక్కుడు గింజకి సుత్తి దెబ్బ వేస్తే పగిలి పొడవ్వాలి, నలిగితే ఇంకా ఆరలేదు. కానీ మిరప గింజని, టమాటా గింజని ఎంతకని కొరుకుతాం? అక్కడే మీటర్‌కి మార్కు ఇచ్చాను.

మార్కు ఇచ్చేముందు దాన్ని కూడా పరీక్షించాను. చిన్న మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు వేసి, మీటర్‌తో కలిపి గట్టి మూత డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర ఆగాలి. గదిలో వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఈ అంకె పెద్దగా కదలదు, అది ఉప్పు గుణం. నా మీటర్ 71 చూపించింది. నాలుగు తక్కువ అన్నమాట. ఇంత చిన్న పరికరానికి ఇది మంచి ఫలితమే, ఆ నాలుగు గుర్తుపెట్టుకుంటే చాలు. కింది అంకెల దగ్గర కూడా సరిచూసుకోవాలని దురద ఉన్నవాళ్లకి, వంట ఉప్పు బదులు మెగ్నీషియం క్లోరైడ్ వాడితే 33 శాతం దగ్గర నిలుస్తుంది. మా ల్యాబ్ బుద్ధి నన్ను అంతదాకా లాక్కెళ్లింది, అందరికీ అవసరం లేదు.

ఇప్పుడు జెల్. పుస్తకంలో ‘ఒక సీసాకి ఒక పొట్లం’ అని ఉంది. ఏ గింజలు, ఎన్ని అన్న ప్రశ్న లేదు. ఒక లెక్క వేద్దాం. 100 గ్రాముల చిక్కుడు గింజలు, తేమ 14 శాతం. అంటే అందులో 14 గ్రాముల నీరు, 86 గ్రాముల గట్టి పదార్థం. దీన్ని 8 శాతానికి దించాలంటే దాదాపు ఆరున్నర గ్రాముల నీరు బయటికి రావాలి. సిలికా జెల్ తడిగాలిలో తన బరువులో మూడో వంతు దాకా పీల్చగలదు, నిజమే. కానీ మనకి కావాల్సిన, మీటర్ మీద 30 శాతం గాలి తేమ దగ్గర అంత పీల్చదు, తన బరువులో ఆరో వంతో, అంతకన్నా తక్కువో. అంటే 10 గ్రాముల పొట్లం రెండు గ్రాముల నీళ్లకే చేతులెత్తేస్తుంది. ఆ 100 గ్రాముల చిక్కుడుకి 40 గ్రాములు పైనే కావాలి. అందుకే తూకానికి తూకం అనే పాత పద్ధతి మేలు: గింజలు ఎంత బరువుంటే జెల్ అంత. ఆరు పొట్లాలూ కలిపినా 60 గ్రాములు. టమాటా, వంగ, మిరప లాంటి చిన్న గింజలకి ధారాళంగా సరిపోతాయి. చిక్కుళ్లు, అలసందలు దాచేవాళ్లు జెల్ విడిగా కొనుక్కోవాల్సిందే.

జెల్‌ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని పుస్తకం చెప్పింది, ఎలాగో చెప్పలేదు. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచితే పీల్చుకున్న నీరంతా వదిలేసి మళ్లీ నారింజ రంగుకి వస్తుంది. అయితే ఈ పొట్లం కవరు ప్లాస్టిక్ పీచుది. అలాగే పెట్టకూడదు, జెల్‌ని పళ్లెంలో ఒంపుకుని, ఆ పని అయ్యాక వేడిమీదే గట్టి మూత సీసాలోకి ఎత్తుకోవాలి. బయట పెడితే చల్లారేలోపే మళ్లీ నీరు తాగేస్తుంది. ఇంకో మాట: కొన్ని కిట్లలో నీలం రంగు జెల్ వస్తుంది, తడి తగిలితే గులాబీ రంగుకి మారే రకం. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. యూరప్‌లో దాన్ని క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో పెట్టారు. చిన్నపిల్లలున్న ఇంట్లో, వంటగదిలో దాంతో పని వద్దు. ఈ కిట్‌లో నారింజ రకం ఇచ్చారు, ఆ విషయంలో కంపెనీని మెచ్చుకోవాలి.

ఎంత ఆరితే అంత మంచిదని కూడా అనుకోకూడదు. చిక్కుడు, బెండ గింజల్ని కొత్త జెల్‌తో నెలల తరబడి వదిలేస్తే తొక్క రాయిలా గట్టిపడి నీరు తాగదు. మీటర్ కావాల్సిన అంకెకి రాగానే జెల్ తీసేసి, లేదా చిటికెడంత మాత్రమే ఉంచి సీలు వేస్తే చాలు. విత్తే ముందు కూడా మరీ పొడి చిక్కుడు గింజని ఒక్కసారిగా నీళ్లలో నానబెడితే లోపల పప్పు బీటలు వారుతుంది. కొన్ని రోజులు గదిలో గాలికి ఉంచి, ఆ తర్వాత నాటుకుంటే ఆ బాధ ఉండదు.

నిలవకి ఫ్రిజ్ మంచిదే. నా సీసాలన్నీ అక్కడే ఒక అరలో ఉన్నాయి. మా అమ్మాయి తలుపు తీసి, ‘అమ్మా, ఇది ఫ్రిజ్జా, నీ ల్యాబా?’ అంది. ఏదైనా అనుకోనీ. ఒక్క నియమం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పాను: ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. చల్లటి గింజల మీద గాలిలో నీరు పట్టేస్తుంది, అన్నాళ్లు ఆరబెట్టింది ఒక్క పూటలో పోతుంది.

జల్లెడల గురించి రెండు మాటలు చాలు. పెద్దది, మధ్యది ధనియాలకి, ముల్లంగికి, వంగకి బాగా పనికొచ్చాయి. అన్నిటికన్నా సన్నదని ఇచ్చినదాంట్లోంచి తోటకూర గింజలు పొట్టుతో సహా కిందకి జారిపోయాయి. తోటకూర గింజ ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, ఆ జల్లెడ కన్ను దానికన్నా పెద్దది. తోటకూర వెన్నులు నలిపి, చేటలో చెరిగితే ఏ జల్లెడా అక్కర్లేదు. బరువైన గింజ వెనక్కి, పొట్టూ తాలూ ముందుకి పోతాయి.

నెట్ సంచులు మిరప, బెండ మొక్కలకి సరిపోయే కొలత. మిరపలో స్వపరాగ సంపర్కమే ఎక్కువ అంటారు గానీ, తేనెటీగలు తిరిగే పెరట్లో కారం మిరప, బజ్జీ మిరప పక్కపక్కన ఉంటే కలిసిపోతాయి. కలిసిన సంగతి ఆ కాయల్లో తెలియదు, వాటి గింజలు నాటితే వచ్చే మొక్కల్లో బయటపడుతుంది. పూలు విచ్చకముందే కొమ్మకి సంచి తొడిగి, రోజుకొకసారి కొమ్మని కొంచెం ఊపి, పిందె పడ్డాక సంచి తీసేసి, ఆ కాయకి దారం కట్టి గుర్తుపెట్టుకోవాలి. టమాటాకి చాలా రకాల్లో ఈ సంచి అవసరమే ఉండదు.

తీగ జాతులకి సంచి తొడిగి ఊరుకుంటే కాయే పట్టదు. మగపూవు, ఆడపూవు వేరు. పుస్తకం ఇక్కడ చేతితో పరాగం అద్దే పద్ధతి బొమ్మతో సహా ఇచ్చింది, బొమ్మ బాగుంది కూడా. విచ్చబోయే మొగ్గల్ని ముందురోజు సాయంత్రమే దారంతో కట్టేసి, తెల్లారాక విప్పి, మగపూవు రేకలు తీసేసి, పుప్పొడిని ఆడపూవుకి అద్ది, మళ్లీ కట్టేయమని. గుమ్మడికి, దోసకి, కాకరకి ఇది సరైన పద్ధతి. కానీ ‘తీగ కూరగాయలన్నిటికీ’ అని రాశారు. సొర, బీర పూలు విచ్చేది సాయంత్రం. వాటి మొగ్గల్ని ముందురోజు సాయంత్రం కట్టి, మర్నాడు పొద్దున విప్పితే పూవు ఇంకా మొగ్గే. మధ్యాహ్నం కట్టి, అదే సాయంత్రం విచ్చాక అద్దాలి. పెరట్లో సొరపాదు చూసిన ఎవరినడిగినా చెప్పే సంగతి ఇది. పుస్తకం రాసినవాళ్లు పాదు కింద నిలబడలేదనిపిస్తుంది.

ఇలా కలిసిపోకుండా చూసుకోవడం కేవలం రుచి కోసం కాదు. సొర, గుమ్మడి జాతుల్లో చేదు రకాలతో, అలంకారానికి పెంచే కాయలతో పరాగం కలిస్తే, వాటి గింజలనుంచి వచ్చిన కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలు ఎక్కువగా ఉండొచ్చు. వండినా పోవు. మీరు కట్టిన విత్తనం నుంచి వచ్చిన సొరకాయ ముక్క నాలుకకి చేదు తగిలితే ఉమ్మేసి, ఆ కాయా, ఆ పాదూ రెండూ తీసెయ్యండి. విత్తనాల పుస్తకంలో ఈ హెచ్చరిక లేకపోవడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది.

కోత గురించి రాసిన పేజీల్లో ‘బాగా పండిన కాయని కోసి గింజలు తియ్యండి’ అనే మాట కాయకొకసారి తిప్పి తిప్పి రాశారు. మనం తినే దశ, గింజ ముదిరే దశ టమాటాలో, మిరపలో, గుమ్మడిలో దాదాపు ఒకటే. మిగతా చాలావాటిలో కాదు. కూరకి కోసే వంకాయలో గింజ ఇంకా పాలగింజే. ఆ కాయ మొక్క మీదే రంగు మారి, పసుపో గోధుమో అయ్యి, ముట్టుకుంటే మొద్దుబారినట్టు ఉండేదాకా ఆగాలి. దోసకాయ కూడా అంతే, లావెక్కి పసుపు పచ్చబడాలి, కోశాక కూడా వారం రెండు వారాలు అలా ఉంచి గింజలు తియ్యాలి, ఆ ఉంచిన రోజుల్లో గింజ ఇంకా నిండుతుంది. బెండకాయ మొక్క మీదే ఎండి, గీతల దగ్గర విచ్చబోతూ ఉండాలి. బీరకాయ ఊపితే గలగలమనాలి. ఇంత ముదిరేదాకా కాయల్ని వదిలేస్తే ఆ మొక్క కొత్త కాపు తగ్గించేస్తుంది. అందుకే విత్తనానికి ఒక మొక్కని వేరుగా అనుకుని, మిగతావి కూరకి కోసుకోవడం మంచిది.

ఏ మొక్క అన్నది ఇంకా ముఖ్యం. పుస్తకంలో ‘పెద్ద, అందమైన కాయని ఎంచుకోండి’ అని ఉంది. నేను కాయని చూడను, మొక్కని చూస్తాను. రోగం లేకుండా, మొదటి నుంచీ చివరిదాకా బాగా కాసిన మొక్క మీద కాయ చిన్నదైనా పర్వాలేదు. ఆకులు ముడుచుకుపోయిన మొక్క మీద ఒక్క పెద్ద కాయ కాసినా దాన్ని విత్తనానికి ఉంచను. చిక్కుడు జాతిలో మొజాయిక్ వైరస్ ఒక రకం గింజ లోపలే తర్వాతి తరానికి వెళ్తుంది, ఎంత ఆరబెట్టినా పోదు. ఆకుకూరల్లో ఇంకో మెలిక ఉంది: అందరికన్నా ముందు పూతకి వచ్చిన మొక్క గింజలు కట్టుకుంటే, ఏటా ఇంకా తొందరగా పూతకొచ్చే ఆకుకూర మీ పాలవుతుంది. చివరిదాకా ఆకు ఇచ్చి, ఆఖర్న పూసిన దాన్ని ఉంచుకోవాలి.

హైబ్రిడ్ల మాట పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. కొన్న ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే, ఆ మొక్క కాయల గింజలు మొలుస్తాయి, కానీ ఒక్కో మొక్కా ఒక్కో తీరుగా కాస్తుంది. ప్రయోగం చెయ్యాలని ఉంటే నాటండి, అదే కాయ మళ్లీ కావాలంటే మాత్రం కుదరదు. అలాగే మొక్కజొన్న, ఉల్లి, క్యాబేజీ లాంటి వాటి గింజల్ని రెండు మూడు మొక్కల నుంచే కట్టుకుంటూ పోతే తరం తరానికీ పంట నీరసిస్తుంది. చిన్న పెరట్లో మొదలుపెట్టేవాళ్లకి టమాటా, చిక్కుడు, అలసంద, వంగ చాలు.

టమాటాకి పుస్తకం గింజలు కడిగి టిష్యూ కాగితం మీద ఆరబెట్టమంది. మొలవవని కాదు, మొలుస్తాయి. కాగితానికి అంటుకుపోయి, దాన్ని చింపి గింజతో పాటు నాటాల్సి వస్తుంది. పైగా గింజ చుట్టూ ఉండే జిగురు పొర కడిగితే పోదు, మొలకని ఆలస్యం చేసేది ఆ పొరే. గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులవనిస్తే పైన తెల్లటి పొర కడుతుంది, జిగురు కరిగిపోతుంది, గింజ పైన ఉండే కొన్ని రోగాల బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. నీళ్లు పోసి తిప్పితే మంచి గింజలు అడుక్కి, తాలువి పైకి. అంతకన్నా ఎక్కువ రోజులు వదిలితే గ్లాసులోనే మొలకలొస్తాయి. కడిగాక పింగాణీ పళ్లెంలో పలచగా పరిచి, నీడన, గాలి తగిలేలా ఆరబెట్టాలి. పుస్తకంలో ‘ఎండలో’ అని ఉంది. తడి గింజ 35 డిగ్రీలు దాటిన వేడిలో దెబ్బతినే ప్రమాదం ఉంది, ఎండకి పెట్టిన పళ్లెం అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది.

పురుగు సంగతి. చిక్కుడు, అలసంద గింజల్లో పురుగు సీసాలో పుట్టదు, తోటలోనే కాయ మీద గుడ్లు పెట్టి వస్తుంది. మూత ఎంత గట్టిదైనా లోపలే తయారవుతుంది. మీటర్ ప్రకారం బాగా ఆరాయని తేలాక, సీసాతో సహా డీప్ ఫ్రీజర్‌లో -18 డిగ్రీల దగ్గర వారం ఉంచితే గింజ లోపలున్నవి కూడా చస్తాయి. ఆరని గింజని ఫ్రీజర్‌లో పెడితే చచ్చేది గింజే. సీమ వంకాయ (చౌచౌ) లాంటివి అసలు ఆరబెట్టకూడని రకం, కాయతో సహా నాటాలి. వాటికి ఈ కిట్టే అక్కర్లేదు.

మొలక ట్రే ఒక అలంకారం. తడి కాగితం మీద 20 గింజలు పరిచి, చుట్టి, మూత డబ్బాలో పెడితే అదే పని జరుగుతుంది. 20కి 16 మొలిస్తే ఎనభై శాతం, విత్తేటప్పుడు ఆ మేరకు ఒత్తుగా వేసుకుంటాం. కాగితం కవర్లు బాగున్నాయి, ఆరే దశలో గింజలకి అవే సరైన చోటు. లేబుళ్ల జిగురు మాత్రం ఫ్రిజ్ చల్లదనానికి ఊడిపోయింది. రకం పేరు, కోసిన నెల, ఏ మొక్క అన్నది చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేస్తున్నాను. ఇంకు వెలిసిపోతుంది గానీ పెన్సిల్ గీత వెలవదు.

వాషర్లు విడిగా దొరుకుతాయా అని కంపెనీకి రాశాను. రబ్బరు కొన్నేళ్లకి గట్టిపడుతుంది కదా. మర్యాదగా జవాబిచ్చారు: విడిగా అమ్మరట, కొత్త కిట్ కొనుక్కోవాలట. మూతలకి ఇచ్చిన రెండు మార్కుల్లోంచి సగం కోద్దామా అని ఆలోచించి వదిలేశాను. కొత్త కిట్ మాత్రం కొనను. ఉన్న సీసాలు వాడుకుంటూ, తర్వాతి కాపుకి విడిగా ఒక కిలో నారింజ జెల్, మీటర్ పట్టేంత వెడల్పు మూతి ఉన్న డబ్బా ఒకటి తెప్పించుకుంటాను.